మిక్సరు, ఆడియో ఇంటర్‌ఫేస్: ఇంటి రికార్డింగులో ఏది దేనికి కలపాలి, ఎందుకు

సారాంశం: ఇంట్లో పాట రికార్డు చేసేవారి దగ్గర మిక్సరు, ఆడియో ఇంటర్‌ఫేస్ రెండూ ఉన్నప్పుడు తలెత్తే ఇబ్బందుల్లో చాలావరకు పరికరాల నాణ్యతకు సంబంధించినవి కావు. మైకు ఇచ్చే బలహీనమైన సిగ్నలు (మైకు స్థాయి) రావలసిన చోట మిక్సరు పెంచి ఇచ్చే బలమైన సిగ్నలు (లైన్ స్థాయి) ఇవ్వడం, స్టీరియో జాకును బ్యాలెన్స్‌డ్ (ఒకే శబ్దాన్ని రెండు తీగల్లో మోసే) జాకుగా పొరబడటం, కంప్యూటరు నుంచి తిరిగి వచ్చిన శబ్దాన్ని మళ్లీ కంప్యూటరుకే పంపడం వాటికి మూలం. మైకులు రెండుకు మించనప్పుడు మిక్సరును రికార్డింగు దారి నుంచి తప్పించడం మేలు. మించినప్పుడు, ఏ నిర్ణయాన్ని తర్వాత మార్చుకోలేమో ముందే తెలుసుకుని కలపాలి.

రెండు పెట్టెలూ ఒకే ఇంటికి ఎలా చేరాయి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పాడేవారికి కొరత లేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నవారు, తిరుమల నాదనీరాజనం వేదికపై పాడాలని సాధన చేసేవారు, ఊరూరా ఉన్న భజన బృందాలు, ద్రౌపదీ సమేత ధర్మరాజుల ఆలయాల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ చెప్పే భాగవతార్లు, రాత్రి నాటకం ఆడే కళాకారులు, వీరందరికీ ఇప్పుడు యూట్యూబ్ ఒక వేదిక. సెల్‌ఫోనుతో తీసిన వీడియోలో ఫ్యాను హోరు మధ్య వినిపించే కీర్తనకూ, శుభ్రంగా రికార్డు చేసిన కీర్తనకూ తేడా వినేవారికి వెంటనే తెలిసిపోతుంది కాబట్టి, ఇంట్లోనే ఒక గదిని రికార్డింగుకు సిద్ధం చేసుకునేవారు పెరిగారు.

భజన బృందాల్లో చాలావాటికి మైకుసెట్ సామగ్రితో పాటు ఆరేడు చానళ్ల మిక్సరు ముందే ఉంటుంది. దానికి తోడు రికార్డింగు కోసమని రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటారు. మిక్సరు నుంచి వైరు తెచ్చి ఇంటర్‌ఫేస్‌కు గుచ్చితే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. గుచ్చితే శబ్దం వస్తుంది కూడా. అయితే అది పగిలినట్టు రావచ్చు, గొంతు లేకుండా రావచ్చు, అడుగున గూఁ అనే మోతతో రావచ్చు. శబ్దం అసలు రాకపోతే తప్పు వెతకడం సులువు. ఏదో ఒకలా వస్తూ ఉంటేనే తప్పు దాక్కుంటుంది.

ఏ పెట్టె పని ఏది

మిక్సరు పని అనేక శబ్దాలను కలిపి కొన్నిటిగా చేయడం. ప్రతి చానల్లో మైకు ఇచ్చే అతి చిన్న వోల్టేజిని పెంచే ప్రీయాంప్, శబ్దపు రంగు మార్చే ఈక్యూ, ఎడమ కుడి పంచే ప్యాన్, ఎంత కలపాలో నిర్ణయించే ఫేడరు ఉంటాయి. ఇంటర్‌ఫేస్ పని విద్యుత్తు రూపంలోని శబ్దాన్ని అంకెలుగా మార్చి యూఎస్‌బీ ద్వారా కంప్యూటరుకు పంపడం, కంప్యూటరు నుంచి వచ్చిన అంకెలను మళ్లీ శబ్దంగా మార్చి స్పీకర్లకు, హెడ్‌ఫోన్‌కు ఇవ్వడం.

ఇంటర్‌ఫేస్‌లోనూ మైకు ప్రీయాంప్ ఉంటుంది. గందరగోళానికి బీజం ఇదే. మిక్సరులో ఒకసారి పెంచిన సిగ్నలును ఇంటర్‌ఫేస్‌లో రెండోసారి పెంచవలసిన అవసరం లేదు, పెంచితే నష్టం. రెండు పెట్టెలనూ వరుసగా కలిపినప్పుడు ఒకే పనిని రెండూ చేయకుండా చూసుకోవడమే ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం.

స్థాయిల తేడా ఎంత పెద్దదో

వేదికలపై తరచూ కనిపించే షూర్ ఎస్ఎం58 వంటి డైనమిక్ మైకు, దాని ముందు 94 డెసిబెళ్ల శబ్దం ఉన్నప్పుడు ఇచ్చేది దాదాపు 1.85 మిల్లీవోల్ట్లు మాత్రమే. వృత్తిపరమైన మిక్సర్ల మెయిన్ అవుట్ నుంచి వచ్చే ప్రమాణ లైన్ స్థాయి +4 డీబీయూ, అంటే 1.228 వోల్ట్లు. రెండింటి మధ్య ఆరు వందల రెట్లకు పైగా తేడా ఉంది. మైకు కోసం తయారైన ఇన్‌పుట్‌కు మిక్సరు అవుట్‌పుట్ ఇవ్వడమంటే ఈ తేడాను ఒక్కసారిగా దాని మీద మోపడమే.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. సాధారణ మ్యూజిక్ ప్లేయర్లు, మిక్సరు మీద టేప్ అవుట్ లేదా రెక్ అవుట్ అని రాసి ఉండే ఎర్ర, తెల్ల ఆర్‌సీఏ రంధ్రాలు −10 డీబీవీ అనే మరో స్థాయిలో, అంటే 0.316 వోల్ట్ల దగ్గర పనిచేస్తాయి. ఈ రెండు లైన్ స్థాయుల మధ్య తేడా 11.8 డెసిబెళ్లు, అంటే దాదాపు నాలుగు రెట్లు. మెయిన్ అవుట్ నుంచి తీసుకున్నప్పుడు గట్టిగా ఉన్న రికార్డింగు రెక్ అవుట్ నుంచి తీసుకుంటే నీరసంగా ఉండటానికి కారణం ఇదే తప్ప ఏ పరికరమూ చెడిపోయి కాదు.

డిజిటల్ వైపు మరో కొలమానం ఉంటుంది. కంప్యూటరు తెరపై 0 డీబీఎఫ్‌ఎస్ అనేది పైకప్పు. దాన్ని దాటిన శబ్దానికి అంకెలు లేవు కాబట్టి తరంగపు శిఖరం తెగిపోతుంది, అది చిటచిటలాడే చెడు శబ్దంగా వినిపిస్తుంది. మిక్సరు మీటరులో సున్నా మాత్రం పైకప్పు కాదు. దాని పైన ఇంకా 15 నుంచి 20 డెసిబెళ్ల వెసులుబాటు ఉంటుంది. మిక్సరు సున్నాను కంప్యూటరు సున్నాతో సమానం చేయాలని ప్రయత్నించేవారి రికార్డింగుల్లో మృదంగం ప్రతి గట్టి దెబ్బా పగులుతుంది. మిక్సరులో సున్నా చూపే నిలకడైన శబ్దం కంప్యూటరులో −18 దగ్గర ఉండేలా పెట్టుకోవడం స్టూడియోల్లో స్థిరపడిన పద్ధతి. 24 బిట్ల రికార్డింగులో సిద్ధాంతపరంగా 144 డెసిబెళ్ల విస్తృతి ఉంది. 16 బిట్లలో ఉన్నది 96. కాబట్టి పైన కొంత ఖాళీ వదిలినందువల్ల పాటకు జరిగే నష్టమేమీ లేదు.

ఈ సర్దుబాటుకు ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె చక్కగా ఉపయోగపడుతుంది. అది ఒకే స్థాయిలో నిలకడగా మోగుతుంది. దాన్ని మిక్సరులోని ఒక చానలుకు ఇచ్చి, ఆ చానలు ఫేడరునూ మెయిన్ ఫేడరునూ వాటి సున్నా గీత దగ్గర ఉంచి, మిక్సరు మీటరు సున్నా చూపేదాకా చానలు గెయిన్ (ప్రీయాంప్ సిగ్నలును ఎంత పెంచాలో నిర్ణయించే నాబ్) పెంచాలి. ఆ తర్వాత ఇంటర్‌ఫేస్ వైపు వెళ్లి, కంప్యూటరు మీటరు −18 చూపేలా అక్కడి గెయిన్ సరిచేయాలి. ఆపై ఇంటర్‌ఫేస్ గెయిన్‌ను ముట్టుకోనవసరం లేదు. గాయకుడి గొంతైనా, నాదస్వరమైనా, ఏది మారినా మార్పు మిక్సరు చానల్లోనే జరగాలి.

ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నుతో వచ్చే చిక్కు

ఇప్పటి చిన్న ఇంటర్‌ఫేసుల్లో ఒకే రంధ్రంలో మూడు కాళ్ల ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నూ పడుతుంది, పావు అంగుళం జాకూ పడుతుంది. బయటికి ఒకే రంధ్రంగా కనిపించినా లోపల దారులు వేరు. చాలా మోడళ్లలో ఎక్స్‌ఎల్‌ఆర్ గుచ్చితే సిగ్నలు నేరుగా మైకు ప్రీయాంప్‌కు వెళుతుంది; జాకు గుచ్చితే లైన్ ఇన్‌పుట్‌కు వెళుతుంది. మిక్సరు మెయిన్ అవుట్ కూడా ఎక్స్‌ఎల్‌ఆర్ రూపంలో ఉండటంతో, మైకు వైరునే ఒక కొస అక్కడ, మరో కొస ఇక్కడ గుచ్చేయడం సహజంగా జరిగిపోతుంది. పిన్ను కుదిరింది కాబట్టి సరిగ్గా కలిపామన్న నమ్మకం కలుగుతుంది. గెయిన్‌ను పూర్తిగా తగ్గించినా పాట పైస్థాయిలో పగులుతూ ఉంటే కారణం ఇక్కడే వెతకాలి.

ఇదే దారిలో మరో ప్రమాదం ఉంది. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్ట్ల ఫాంటమ్ పవర్‌ను ఇంటర్‌ఫేస్ ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రంలోని 2, 3 కాళ్ల గుండా 6.8 కిలోఓమ్‌ల నిరోధకాల ద్వారా పంపుతుంది. బ్యాలెన్స్‌డ్ డైనమిక్ మైకుకు దానివల్ల హాని లేదు. అక్కడ మైకు బదులు మిక్సరు అవుట్‌పుట్ ఉంటే ఆ వోల్టేజి వెనక్కి వెళ్లి మిక్సరు అవుట్‌పుట్ సర్క్యూట్‌కు తగులుతుంది. కొన్ని మిక్సర్లు తట్టుకునేలా తయారవుతాయి, కొన్ని కావు. చాలా చిన్న ఇంటర్‌ఫేసుల్లో రెండు ఇన్‌పుట్‌లకూ కలిపి ఒకే 48 వోల్ట్ల బటన్ ఉంటుంది కాబట్టి, ఒకదానికి కండెన్సర్ మైకు, మరొకదానికి ఎక్స్‌ఎల్‌ఆర్ ద్వారా మిక్సరు కలిపే అలవాటు మానుకోవలసినదే.

మిక్సరు వైపు జాకు రూపంలో అవుట్‌పుట్ ఉంటే రెండు కొసలా టీఆర్‌ఎస్ జాకులు, అంటే మూడు భాగాల పావు అంగుళం జాకులు ఉన్న వైరు వాడాలి. ఎక్స్‌ఎల్‌ఆర్ మాత్రమే ఉంటే ఒక కొస ఎక్స్‌ఎల్‌ఆర్, మరో కొస టీఆర్‌ఎస్ ఉన్న వైరు వాడాలి. ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ అని రాసిన బటన్ ఉంటే దాన్ని తప్పనిసరిగా ఆఫ్‌లో ఉంచాలి. అది ఎలక్ట్రిక్ గిటారు, పికప్ బిగించిన వీణ వంటి బలహీనమైన సిగ్నళ్ల కోసం ఉద్దేశించినది.

పాటలో గొంతు మాయమయ్యే తీరు

ఇంటి రికార్డింగుల్లోనూ, ఊళ్లో జరిగే కార్యక్రమాల్లోనూ ఎక్కువమందిని తికమక పెట్టేది ఇది. మిక్సరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచో, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచో ఒకే వైరుతో ఇంటర్‌ఫేస్‌కు కలుపుతారు. తంబూర వినిపిస్తుంది, ప్రతిధ్వని వినిపిస్తుంది, పక్కలకు పంచిన వాద్యాలు వినిపిస్తాయి, గొంతు మాత్రం ఎక్కడో దూరాన గుహలో ఉన్నట్టు ఉంటుంది లేదా అసలే ఉండదు.

దీని వెనక ఉన్న యంత్రాంగం తెలిస్తే ఆశ్చర్యం పోతుంది. టీఆర్‌ఎస్ జాకులో కొన, ఉంగరం, మొదలు అని మూడు భాగాలుంటాయి. హెడ్‌ఫోన్ రంధ్రంలో కొన మీద ఎడమ చెవి శబ్దం, ఉంగరం మీద కుడి చెవి శబ్దం వస్తాయి. బ్యాలెన్స్‌డ్ లైన్ ఇన్‌పుట్ ఆ జాకును వేరేలా అర్థం చేసుకుంటుంది. దాని దృష్టిలో కొన మీద ఉన్నది అసలు శబ్దం, ఉంగరం మీద ఉన్నది అదే శబ్దపు తలకిందుల నకలు. అందుకే అది కొన మీది శబ్దంలోంచి ఉంగరం మీది శబ్దాన్ని తీసివేస్తుంది. సరైన బ్యాలెన్స్‌డ్ వైరులో ఇది గొప్ప ఏర్పాటు: దారిలో రెండు తీగలకూ సమానంగా అంటిన రొద తీసివేతలో రద్దవుతుంది, శబ్దం రెట్టింపవుతుంది. స్టీరియో శబ్దం వచ్చినప్పుడు మాత్రం ఎడమ, కుడి రెండింటిలో సమానంగా ఉన్నది ఏదైతే అదే రద్దవుతుంది. సమానంగా ఉండేది మధ్యలో నిలిపిన గొంతే.

దీనికి విరుగుడు, ఒక స్టీరియో జాకు రెండు మోనో జాకులుగా విడిపోయే వైరు. ఎడమది మొదటి ఇన్‌పుట్‌కు, కుడిది రెండో ఇన్‌పుట్‌కు ఇస్తే ఎక్కడా తీసివేత జరగదు. ఖరీదు తక్కువ, తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే ఏ మంచి దుకాణంలోనైనా దొరికే వస్తువు.

రెండు ట్రాకుల్లో గడ్డకట్టిన నిర్ణయాలు

స్థాయిలు సరిపోయి, వైర్లు సరిపోయిన తర్వాత మిగిలే ప్రశ్న సంగీతానికి సంబంధించినది. ఒక కీర్తనకు గొంతు, వయొలిన్, మృదంగం, తంబూర ఉన్నాయనుకుంటే మిక్సరులో నాలుగైదు చానళ్లు నిండుతాయి. మెయిన్ అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్‌కు వెళ్లేవి రెండే. కంప్యూటరులో రికార్డయ్యేది అప్పటికే కలిసిపోయిన మిశ్రమం. మృదంగం ఎక్కువైందని మర్నాడు తోస్తే దాన్ని విడిగా తగ్గించే వీలు లేదు. గొంతుకు మిక్సరులో వేసిన ఎకో ఎక్కువైనా అంతే. వేదిక మీద ఆ క్షణానికి బాగుంటే చాలు కాబట్టి మిక్సరు అలా తయారైంది; రికార్డింగుకు ఆలోచించుకునే వ్యవధి కావాలి.

దీన్ని కొంతవరకు అధిగమించే మార్గాలు మిక్సరులోనే ఉన్నాయి. గొంతును పూర్తిగా ఎడమకు, వాద్యాలన్నిటినీ పూర్తిగా కుడికి ప్యాన్ చేస్తే, మెయిన్ అవుట్ రెండు వేర్వేరు మోనో ట్రాకులుగా పనిచేస్తుంది. వినడానికి వికారంగా ఉన్నా తర్వాత కంప్యూటరులో రెండింటినీ మధ్యకు తెచ్చుకోవచ్చు. కేవలం రెండు ఇన్‌పుట్‌లున్న ఇంటర్‌ఫేస్‌తో భజన బృందాన్ని రికార్డు చేయవలసి వచ్చినప్పుడు ఇంతకన్నా మంచి ఉపాయం లేదనే చెప్పాలి. గొంతు స్థాయి ఒక్కటి చేతిలో ఉన్నా పాటను సగం సరిదిద్దినట్టే.

ఇన్‌పుట్‌లు ఎక్కువ ఉన్న ఇంటర్‌ఫేస్ దొరికితే మిక్సరు ప్రతి చానలు నుంచీ విడిగా సిగ్నలు తీయవచ్చు. కొన్ని మిక్సర్లలో డైరెక్ట్ అవుట్ ఉంటుంది. లేనివాటిలో ఇన్సర్ట్ రంధ్రం (చానలు దారి మధ్యలో బయటి పరికరాన్ని కలిపే చోటు) ఉంటే, అందులో మోనో జాకును మొదటి క్లిక్ వరకే, సగం మాత్రమే గుచ్చితే చానలు ప్రీయాంప్ నుంచి వచ్చిన సిగ్నలు బయటికి వస్తుంది, మిక్సరులో ప్రసారం ఆగదు. అనేక మోడళ్లలో ఇది పనిచేస్తుంది గానీ వైరు కదిలితే జారిపోయే ప్రమాదం ఉంది. పైగా సాధారణంగా ఇన్సర్ట్ దగ్గర సిగ్నలు ఈక్యూకు, ఫేడరుకు ముందరిది కాబట్టి మిక్సరులో ఏమి తిప్పినా రికార్డింగుపై ప్రభావం ఉండదు. ఎదుట ప్రేక్షకులు కూర్చున్న హరికథను రికార్డు చేసేటప్పుడు ఇదే వరం: హాలు కోసం ఒకలా, రికార్డింగు కోసం మరోలా.

యూఎస్‌బీ ఉన్న మిక్సరు కొంటే సరిపోదా

సరిపోవచ్చు, ఎన్ని చానళ్లు పంపుతుందో చూసుకోవాలి. పెట్టె మీద పది చానళ్లని ఉన్నంత మాత్రాన యూఎస్‌బీలో పదీ వెళ్లవు. ఉదాహరణకు యమహా ఎంజీ10ఎక్స్‌యూ 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ వరకు మంచి నాణ్యతతో పనిచేస్తుంది, కానీ కంప్యూటరుకు పంపేది రెండు చానళ్ల మిశ్రమమే. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే వంటి మల్టీట్రాక్ మిక్సరు 14 చానళ్లను విడివిడిగా పంపి 12 తిరిగి తీసుకుంటుంది. బయటికి రెండింటిలోనూ యూఎస్‌బీ రంధ్రం ఒక్కటే కనిపిస్తుంది. లోపలి సామర్థ్యంలో ఇంత తేడా.

యూఎస్‌బీ మిక్సరునూ, విడి ఇంటర్‌ఫేస్‌నూ రెండింటినీ ఒకే కంప్యూటరుకు గుచ్చి ఒకేసారి రికార్డు చేయాలనుకోవడం మరో పొరపాటు. విండోస్‌లో రికార్డింగు సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ఒకసారికి ఒకే ఆసియో డ్రైవరును (ఆడియో పరికరాన్ని సాఫ్ట్‌వేరుకు కలిపే ప్రోగ్రామును) వాడతాయి. పైగా శబ్దాన్ని అంకెలుగా మార్చే వేగాన్ని నడిపే లోపలి గడియారాలు రెండు పరికరాల్లో వేరు కావడంతో నిమిషాలు గడిచేకొద్దీ రెండు ట్రాకులూ ఒకదానికొకటి దూరమవుతాయి. తాళం ఉన్న సంగీతంలో ఇది దాచలేని లోపం.

తిరిగి వినేటప్పుడు ఏర్పడే వలయం

రికార్డయినది వినడానికి ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను మళ్లీ మిక్సరులోని ఒక స్టీరియో చానలుకు కలుపుతారు. ఆ చానలు మెయిన్ అవుట్‌కు వెళుతుంది, మెయిన్ అవుట్ ఇంటర్‌ఫేస్‌కు వెళుతుంది, సాఫ్ట్‌వేరులో మానిటరింగ్ (లోపలికి వచ్చే శబ్దాన్ని వెంటనే తిరిగి వినిపించే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇంటర్‌ఫేస్ అదే శబ్దాన్ని మళ్లీ మిక్సరుకు పంపుతుంది. క్షణాల్లో కీచుమనే శబ్దం పుట్టి చెవులకూ స్పీకర్లకూ హాని చేస్తుంది. మానిటరింగ్ ఆఫ్‌లో ఉంటే కీచు రాదు, కానీ పాత ట్రాకు కొత్త ట్రాకులోకి చేరిపోతుంది. ఇది మొదట తెలియదు; రెండో గొంతు రికార్డు చేసి, మొదటిదాన్ని ఆపి విన్నప్పుడు బయటపడుతుంది.

తిరిగి వచ్చే శబ్దం మెయిన్ మిక్స్‌లో కలవకుండా కంట్రోల్ రూమ్ అవుట్‌కు (వినే స్పీకర్లకు వెళ్లే దారికి), హెడ్‌ఫోన్‌కు మాత్రమే వెళ్లేలా మిక్సరు మీది 2 ట్రాక్ రిటర్న్ రంధ్రానికి ఇవ్వడం ఒక మార్గం. రికార్డింగుకు మెయిన్ అవుట్ బదులు ఆక్స్ సెండ్ (చానళ్ల నుంచి మరో మిశ్రమాన్ని విడిగా బయటికి పంపే దారి) వాడి, తిరిగి వచ్చే చానలు ఆక్స్ నాబ్‌ను సున్నాలో ఉంచడం మరో మార్గం. రెండూ లేనప్పుడు మిక్సరును అసలు తిరుగు దారిలోకి తేకుండా హెడ్‌ఫోన్‌ను ఇంటర్‌ఫేస్‌కే పెట్టుకోవడం అన్నిటికన్నా నికరం.

పాడినది కంప్యూటరు గుండా తిరిగి చెవికి చేరేలోపు జరిగే ఆలస్యం సంగతి దీనికి ముడిపడి ఉంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే శబ్దాన్ని సెకనుకు 48 వేల శాంపిళ్లుగా కొలిచేటప్పుడు, 256 శాంపిళ్ల బఫరు (కంప్యూటరు ఒక్కో విడతలో తీసుకునే ముక్క) అంటే 5.3 మిల్లీసెకన్లు, లోపలికి, బయటికి కలిపి దానికి రెట్టింపు, దానిపై డ్రైవరు, కన్వర్టర్ల ఆలస్యం అదనం. గాలిలో శబ్దం 10 మిల్లీసెకన్లలో దాదాపు మూడున్నర మీటర్లు ప్రయాణిస్తుంది. కచేరీలో అంత దూరాన కూర్చున్న మృదంగ విద్వాంసుడితో కలిసి పాడటం కష్టమేమీ కాదు. కానీ తన గొంతే తనకు హెడ్‌ఫోన్‌లో అంత ఆలస్యంగా వినిపిస్తే గాయకులు శ్రుతిలోనూ లయలోనూ తడబడతారు. ఇంటర్‌ఫేస్‌కు ముందు దారిలో మిక్సరు ఉన్నప్పుడు ఈ బాధ తప్పుతుంది, ఎందుకంటే గొంతు కంప్యూటరు దాకా వెళ్లకుండా మిక్సరు హెడ్‌ఫోన్‌లోనే ఆలస్యం లేకుండా వినిపిస్తుంది. మిక్సరు వల్ల ఇంటి రికార్డింగుకు నిజంగా ఒరిగే లాభాల్లో ఇది మొదటిది. ఇంటర్‌ఫేస్ మీదే డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే అదే పని అదీ చేస్తుంది.

గూఁ మోత, శ్రుతితో దాని పేచీ

మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్. మిక్సరు ఒక గోడ సాకెట్‌కు, ల్యాప్‌టాప్ చార్జరు మరో సాకెట్‌కు పెట్టినప్పుడు రెండింటి ఎర్త్‌ల మధ్య ఉన్న చిన్న వోల్టేజి తేడా, ఆడియో వైరు లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక గుండా కరెంటును ప్రవహింపజేసి 50, 100, 150 హెర్ట్జ్‌ల మోతగా రికార్డవుతుంది. తంబూర సాగే సంగీతంలో దీన్ని గుర్తించడం ఆలస్యమవుతుంది. ఐదు శ్రుతిలో పాడే గాయని షడ్జం 196 హెర్ట్జ్. మోతలోని ఒక అంశం 200 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. రెండూ కలిసినప్పుడు సెకనుకు నాలుగుసార్లు ఊగే కంపనం పుట్టి, తంబూర సరిగ్గా శ్రుతి చేయలేదేమో అనిపిస్తుంది. ఒకటి శ్రుతిలో పాడేవారికి అదే పేచీ పంచమం దగ్గర వస్తుంది. శ్రుతి పెట్టెను పదేపదే సరిచేసినా తీరని ఈ అపశ్రుతికి విరుగుడు వైర్లలో ఉంది.

అన్ని పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టడం, మిక్సరుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య బ్యాలెన్స్‌డ్ వైర్లే వాడటం చాలా సందర్భాల్లో సరిపోతుంది. ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపినప్పుడు మోత ఆగితే కారణం ఎర్త్ వలయమేనని తేలిపోతుంది. అప్పుడు దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటరు (రెండు వైపుల ఎర్త్‌లను విడదీసే పరికరం) పెట్టాలి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి మోత ఆపే పద్ధతి కొన్నిచోట్ల కనిపిస్తుంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే మైకు పట్టుకున్నవారికి షాక్ కొట్టి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఎట్టి పరిస్థితిలోనూ అది చేయరాదు.

ఎవరికి ఏ ఏర్పాటు

ఒక్కరే పాడుకుని, శ్రుతి పెట్టెను పక్కన పెట్టుకునేవారికి మిక్సరు అవసరమే లేదు. గొంతు మైకు మొదటి ఇన్‌పుట్‌కు, శ్రుతి పెట్టె లైన్ అవుట్ రెండో ఇన్‌పుట్‌కు నేరుగా ఇస్తే రెండు శుభ్రమైన విడి ట్రాకులు వస్తాయి. మధ్యలో మిక్సరు పెడితే దాని రొద అదనంగా చేరడం తప్ప ప్రయోజనం లేదు.

గొంతు, వయొలిన్, మృదంగం కలిసి ఒకే గదిలో ఒకేసారి వాయించే బృందానికి, విడివిడిగా రికార్డు చేసే ఓపిక ఉంటే రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేసే చాలు. కానీ కర్ణాటక సంగీతంలో మృదంగం గాయకుడి సంగతిని బట్టి అప్పటికప్పుడు స్పందిస్తుంది. విడివిడిగా వాయిస్తే ఆ సంభాషణ పోతుంది. కాబట్టి వీరు డబ్బు పెట్టదలిస్తే కొత్త మిక్సరు మీద కన్నా నాలుగో ఎనిమిదో మైకు ఇన్‌పుట్‌లున్న ఇంటర్‌ఫేస్ మీద పెట్టడం సబబు. వారం వారం భజన కూడా చేయించి, అదే సమయంలో రికార్డు కూడా చేయవలసిన బృందాలకు మాత్రం మల్టీట్రాక్ యూఎస్‌బీ మిక్సరు రెండు పెట్టెల పనినీ ఒకటే చేస్తుంది. పాత మిక్సరే ఉన్నవారు ప్యాన్ ఉపాయంతో మొదలుపెట్టి, అది చాలనప్పుడు మార్చుకోవచ్చు.